నేనున్నాం

సైటు బాగుపడి మళ్ళీ తెరుచుకున్న మధ్యాహ్నం చిన్నకోడలికి మొదట నవ్వే వచ్చింది.

లాండ్రీ షాపులో గిరాకీ పల్చబడిన వేళ. ఉతికిన బట్టలకి చీటీలు తగిలించడం అయిపోయింది, ఇస్త్రీపెట్టె చల్లారుతోంది. ఆమె చేతులు తువ్వాలుకి తుడుచుకుని గోడవారగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుంది. ఇన్ని రోజులూ సైటు ఎప్పుడు తెరిచినా "పని జరుగుతోంది" అన్న ఒక్క ముక్కే మొహాన కొట్టేది. ఇవాళ అది పోయింది. అక్షరాలు పెద్దవయ్యాయి. పక్కన వెతుక్కోవడానికి ఒక గడి వచ్చింది, మరక పేరు కొడితే చాలు, దాని తాలూకు పేజీలన్నీ వరసగా వచ్చి నిలబడుతున్నాయి. ఇవన్నీ ఆమె అడిగిన మార్పులే. ఫోన్లో చదవలేక కళ్ళు పోతున్నాయని చదివేవాళ్ళు మొత్తుకుంటుంటే, ఏ పేజీ ఏ గదిలోకి పోవాలో కాగితాల మీద గీసి సైటు చేసే ఆవిడకి పంపింది కూడా ఆమే. అనుకున్నది అనుకున్నట్టే కళ్ళముందు కనబడుతుంటే కడుపు నిండిపోయింది.

"మరక పోయింది" అన్నది ఆ సైటు పేరు. పేరు కింద మొదట్నుంచీ ఒకే మాట ఉండేది: "కంగారు పడకండి, మేమున్నాం." ఇప్పుడక్కడ "కంగారు పడకండి, నేనున్నాం" అని ఉంది.

"అక్కా, ఓసారి ఇలా రా" అని పిలిచింది. "నేనున్నాం అట. ఉన్నది ఒక్కరో పదిమందో తేల్చుకోలేకపోతోంది మన సైటు."

పెద్దకోడలు మరకల బల్ల దగ్గర ఒక తెల్లచొక్కా కాలరు మీద వంగి ఉంది. తలెత్తలేదు. "ఆఁ, తర్వాత చూస్తాలే" అంది.

ఎవరేమన్నా ముందు పగలబడి నవ్వేది ఆవిడే. బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఆ నవ్వు కోసం ఓ క్షణం ఆగి మరీ వెళ్తారు. కానీ చిన్నకోడలు అదేం పట్టించుకోలేదు. కొత్త సైటు సంబరంలో ఉంది, పాపం.

బట్టల మీద కొవ్వొత్తి మైనం పడితే ఏం చెయ్యాలో చెప్పే పేజీ తెరిచింది. "మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో ఏనేనున్నాయో చూసుకోండి" అని ఉంది. ఏమేమున్నాయో అని తను రాసిన మాట అది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కింద వాక్యం చదివింది. "ముందు నేను ఐసుముక్క పెట్టి మైనాన్ని గట్టిపరిచాం." ఇంకా కిందికి వెళ్ళింది. "ఆ పైన నేను కాగితం పరిచి ఇస్త్రీ చేశాం. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం."

అక్కడ నవ్వు ఆగిపోయింది.

ఇంకో పేజీ తెరిచింది. తుప్పు మరక. "నేను నిమ్మరసం పిండి ఎండలో పెట్టాం." ఇంకోటి. సిరా మరక. "నేను స్పిరిటు అద్దాం." ఎన్ని తెరిచినా అంతే. ఎవరో కూర్చుని, మేము అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ నేను అని పెట్టమని మిషనుకి పురమాయించారు. మిషనుకి బుర్రెక్కడిది? ఏమేమున్నాయో నడుములో దాక్కున్న మేముని కూడా పీకి పారేసింది. మేమిద్దరం జోలికి మాత్రం పోలేదు, రెండో అక్షరం ము కాకుండా మి అయింది గనక. మా అన్న మాటని ఎవరూ ముట్టుకోనేలేదు. ఒంటరిగా ఉండేవాళ్ళు కూడా మా ఇల్లు అనే అంటారు కదా, దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంత పని పొరపాటున జరగదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తట్టింది, కానీ మనసు ఒప్పుకోలేదు. ఫోటోలు చూసింది. ప్రతి పేజీలోనూ నాలుగు చేతులుండేవి. గుడ్డని అటూ ఇటూ బిగించి పట్టుకున్నవి తనవి, దూదితో అద్దుతున్నవి అక్కవి. గుడ్డ బిగువుగా లేకపోతే తడి పాకి మరక రెండింతలవుతుంది, అందుకే పని ఎప్పుడూ ఇద్దరిది. ఇప్పుడు ఫోటోలన్నీ దగ్గరకి కత్తిరించి ఉన్నాయి. దూది పట్టుకున్న చేతులు ఉన్నాయి. గుడ్డ మాత్రం ఎవరూ పట్టుకోకుండానే తనంతట తాను బిగుసుకుని ఉంది. ఒక్క ఫోటోలో మూలగా, మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ కొంచెం మిగిలింది. అది తన చెయ్యని ఇంకెవరికీ తెలియదు.

కంప్యూటరు కట్టేసి, చల్లారిన ఇస్త్రీపెట్టెని మళ్ళీ వేడికి పెట్టింది. అక్కని ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం వేసింది.

ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది. షాపు లెక్కలు, బట్టలు ఇంటింటికీ చేర్చే బండి, కరెంటు బిల్లులు అన్నీ ఆయనే చూస్తాడు. అన్నగారు దూరాన ఉద్యోగంలో ఉండటంతో షాపు వదినా మరుదుల మీదే నడుస్తుంది, ఆ తర్వాత ఈమె మీద. ఆయన మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"మిషను పొరపాటై ఉంటుంది" అన్నాడు.

"ఫోటోలు కూడా మిషనే కత్తిరించిందా?"

"కొత్త గడుల్లో పట్టక కత్తిరించి ఉంటుంది ఆవిడ. నేను కనుక్కుంటాలే. నువ్వు మాత్రం వదిన దగ్గర ఎత్తకు. ఊరికే బాధపడుతుంది."

"అక్కెందుకు బాధపడటం? పోయినవి నా చేతులు కదా."

"అబ్బా, ప్రతిదానికీ రంపాన పెడతావు" అని ఆయన రెండో చేతి గోళ్ళు మొదలుపెట్టాడు. అప్పటికే తీసేసిన గోళ్ళనే మళ్ళీ తీస్తున్నాడని ఆమె చూసింది. చూసి కూడా, నేను కనుక్కుంటాలే అన్న ఒక్క మాట పట్టుకుని నిశ్చింతగా పడుకుంది. నమ్మకం అంటే అంతే మరి.

మర్నాడు పొద్దున్నే ఒక ముసలాయన బూడిదరంగు కోటు తెచ్చాడు. జేబులో కలం కక్కి, అరచెయ్యంత సిరా మరక అయింది. ఇంట్లో ఎవరో సబ్బుపెట్టి రుద్దారు కూడా, అంచులు ఇంకా పాకాయి. "ఇది నాకు కావాలమ్మా" అన్నాడే తప్ప ఎందుకు కావాలో చెప్పలేదు.

పెద్దకోడలు జేబు లోపలి కుట్టు విప్పి, అస్తరు మడత మీద ముందుగా ఒక చుక్క స్పిరిటు వేసి చూసింది. కోటు రంగు దిగలేదు. కోటు కింద పాత తువ్వాలు పరిచారు. చిన్నకోడలు రెండు పక్కలా పట్టుకుని లాగింది, పెద్దకోడలు దూది తడిపి పిండి, మరక అంచునుంచి లోపలికి అద్దడం మొదలుపెట్టింది. రుద్దకూడదు, అద్దాలి. దూది నీలంగా మారగానే పారేసి కొత్తది తీసుకోవాలి. కింద తువ్వాలుని కూడా జరుపుతూ ఉండాలి, లేకపోతే కిందికి దిగిన సిరా మళ్ళీ పైకెక్కుతుంది. ఆ జరపడం చిన్నకోడలి మోచేతి పని. ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకుండా ఆ పని ఎన్నిసార్లు చేశారో వాళ్ళకే లెక్క లేదు.

"ఫోటోలన్నీ కత్తిరించారు, చూశావా అక్కా?" అంది చిన్నకోడలు.

"చూడలేదే."

"నా చేతులు ఎగిరిపోయాయి."

"అందంగా ఉంటుందని చేసుంటారులే. చెయ్యి కదపకు, పాకుతుంది."

ఆమె చెయ్యి కదపనేలేదు. అలాంటి మాట ఆవిడ నోట ఇన్నేళ్ళలో రాలేదు. చిన్నకోడలు బట్టని ఇంకాస్త బిగించింది. దూది మీద దూది మారుతోంది, మరక లేతనీలమై, ఆ పైన ఉందా లేదా అన్నట్టయింది. మామూలుగా ఆ ఘడియకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఇవాళ పెద్దకోడలు కోటుని వెలుతురుకి ఎత్తి చూసి, "ఆరెయ్యి" అని కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయింది.

కోటు తగిలించి చిన్నకోడలు సైటు తెరిచింది. రోజూ ఆ వేళకి చదివేవాళ్ళు అడిగినవాటికి జవాబులు రాయడం ఆమెకి అలవాటు. వాళ్ళు ఇద్దర్నీ కలిపి మరకక్కలు అంటారు. పెళ్ళిబట్టల మీద టీ ఒలికిందనీ, పిల్లాడు సోఫా మీద బొమ్మలు గీశాడనీ ఫోటోలు పంపుతారు. అన్నీ చదివాక అక్కని అడిగి, ఇద్దరూ ఒప్పుకున్నాక, మేము అని మొదలుపెట్టి రాస్తుంది. ఇవాళ ఆ పేజీ అడుగున ఒక చదువరి అభిప్రాయం కొత్తగా కనబడింది. "సైటు కొత్త బట్టలు కట్టింది, బాగుంది. కానీ గుడ్డ పట్టుకునే అక్క ఏమయ్యారు? మరకక్కలు ఒక్కరైపోయారా?"

ఆ రెండు ప్రశ్నలూ ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి తను లేకపోవడాన్ని కనిపెట్టింది. జవాబు ఏం రాయాలో తోచక, బట్టల కట్టలు కట్టడానికి లేచింది. భోజనాలయ్యాక మళ్ళీ వచ్చి చూస్తే ఆ అభిప్రాయం లేదు.

పేజీ తిరగేసింది, మరగేసింది. లేదు. చదివేవాళ్ళు రాసింది తీసెయ్యాలంటే సైటు లోపలికి వెళ్ళాలి. వెళ్ళడానికి రహస్యపదం కావాలి. అక్కకి అది తెలియదు, ఎప్పుడూ అడగలేదు కూడా. ఆమె సైటావిడకి ఫోను చేసింది.

"మీరేమైనా తీసేశారా అండీ, పొద్దున్న వచ్చినదాన్ని?"

"లేదు మేడమ్, నేను అప్పగించేశాక మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. సార్ తీసుంటారు. తాళం ఆయన దగ్గర కూడా ఉందిగా."

"సార్ అంటే?"

"మీవారే మేడమ్." అవతల గొంతు కొంచెం తగ్గింది. "అదే, పెద్దమేడం మార్పులు చెప్పినప్పుడు మీరు కూడా సరే అనాలి కదా అన్నాను. రాసేది మీరని నాకు తెలుసు కదండీ. మీవారు ఫోను తీసుకుని, తనకేం అభ్యంతరం లేదు, మార్చెయ్యండి అన్నారు. ఆయనే లోపలికి వెళ్ళే దారి ఇచ్చారు."

"ఏం మార్పులు?"

"మీకు తెలియదా?"

చిన్నకోడలు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పుస్తకం వేస్తారట కదండీ మీ సైటుని. ఆ ప్రచురణ ఆయన ఒక మనిషి గొంతు కావాలన్నారట, ఇద్దరైతే చదివేవాళ్ళు తికమకపడతారని. అందుకని మేము అన్నచోటల్లా నేను పెట్టమన్నారు. నాకు రాయడం అంత రాదు మేడమ్, మిషను చేత చేయించాను. ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదండీ" అంది ఆమె. "అంతా బాగుంది."

ఫోను పెట్టేసింది. పుస్తకం సంగతే తనకి తెలియదు. దాని సంగతి అక్కకి తెలుసు, మొగుడికి తెలుసు, సైటావిడకి తెలుసు, ఊరూ పేరూ లేని ఆ ప్రచురణ ఆయనకి తెలుసు. రాసినదానికే తెలియదు. అక్క చేసిందంటే ఏడుపొచ్చింది. మొగుడు చేశాడంటే ఏడుపు కూడా రాలేదు.

ఆయన షాపు వెనక గదిలో కట్టలు లెక్కచూస్తున్నాడు. ఆమె వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"కనుక్కుంటానన్నారు. కనుక్కున్నారా?"

ఆయన ఆమె మొహం చూశాడు. దాచేందుకు ఏమీ మిగల్లేదని అర్థమై, చేతిలో కట్ట కింద పెట్టాడు.

"వదిన అడిగింది. ఏమనమంటావు? షాపు పెట్టిన రోజు నుంచీ కాళ్ళు వాచేలా నిలబడింది ఆవిడ. ఒక్క కోరిక కోరింది."

"నన్ను అడగమని చెప్పచ్చు కదా."

"అడిగితే వద్దంటావని తెలుసు."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. అన్నం పెట్టమని అడిగినంత మామూలుగా. ఆమెకి అన్నిటికన్నా అదే తగిలింది.

"వద్దంటానని తెలిసి నా తరపున సరే అన్నారు."

"నువ్వే అన్నావుగా ఒకసారి, నా పేరుదేముంది, పని అవుతోంది చాలు అని."

"కూర తరుగుతూ అన్నాను. మీరు పొగుడుతుంటే సిగ్గుపడి అన్నాను. అది పట్టుకుని నన్ను రాసిచ్చేశారా?"

"అంత మాటలెందుకు? ఇంట్లో అందరం కలిసి ఉండాల్సినవాళ్ళం. ఒక్క మాట మారింది, అంతే కదా. నీ రాత ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది."

"పొద్దున్న ఒకావిడ నా గురించి అడిగితే తీసేశారు."

ఆయన కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ప్రచురణ ఆయన చూస్తాడని" అన్నాడు.

ఆమెకి అరవాలనిపించింది, ఆ కట్టలన్నీ లాగి నేల మీద పారెయ్యాలనిపించింది. ఆరేసిన కోటు గుర్తొచ్చి బయటికి వెళ్ళింది. ఆ సాయంత్రం ముసలాయన వచ్చి, జేబు తడిమి చూసుకుని, దండం పెట్టినంత పని చేశాడు. పెద్దకోడలు ఆయనకి కోటు మడిచి ఇస్తూ "మాదేముందండీ" అంది. ఆ మా వినబడి చిన్నకోడలికి ఒళ్ళు మండింది.

షాపుకి సెలవు రోజు వచ్చింది. సెలవు రోజుల్లో తలుపు సగం దించి, లోపల బల్లలు కడుగుతారు. చిన్నకోడలు తుడుపు ముగించి కంప్యూటరు ముందు కూర్చునేసరికి పెద్దకోడలు రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది పట్టుకుని, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఈ మధ్య ఇద్దరి మధ్యా చీటీల మాటలు, సబ్బుల మాటలు తప్ప ఏమీ లేవు.

"మీ ఆయన చెప్పాడు, నీకు తెలిసిందని" అంది. "నేనే చెబుదామనుకున్నా చిన్నీ. నోరు రాలేదు."

"ఫోటోలు కత్తిరించమని చెప్పడానికి వచ్చిందిగా."

పెద్దకోడలు దెబ్బ తిన్నట్టు చూసింది. కాసేపు టీ మీద మీగడ ఊదుకుంది.

"ఆయన రేపు వస్తాడు, ప్రచురణ ఆయన. మన అంగడీ సైటూ చూసుకుని, కాగితాలు రాసుకుంటాడట. ఈలోపు ఆ తప్పులున్నాయి చూడు, అవి కాస్త దిద్దిపెట్టవే. నిన్న మీ ఆయన చదివి చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఏదో ఏనేను అట. భాష నీకొచ్చినట్టు నాకెక్కడొస్తుంది?"

చిన్నకోడలికి ముందు నమ్మబుద్ధి కాలేదు. తనని తీసేసిన చోట, తీసేసినట్టు కనబడకుండా, తననే అతుకు వెయ్యమంటోంది. అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందో అనుకుంది. కానీ అక్క మొహంలో ధైర్యం ఏమీ లేదు. ఇంట్లో ఉప్పు అయిపోతే తెచ్చిపెట్టమన్నంత చనువుగా అడిగేసింది. ఆ చనువే ఇన్నాళ్ళూ తనకి ప్రాణంగా ఉండేది.

సైటు లోపలికి వెళ్ళింది. మైనం పేజీ తెరిచి ఏనేనున్నాయోని ఏమేమున్నాయోగా మార్చింది. ఇంకో పేజీలో, ఇంకో పేజీలో, అది కనబడినచోటల్లా మార్చుకుంటూ పోయింది. పెద్దకోడలి భుజాలు తేలికపడ్డాయి. "హమ్మయ్య" అని టీ తాగింది.

"ఇవి చదివేవాళ్ళ కోసం దిద్దాను" అంది చిన్నకోడలు. "వాళ్ళకి అర్థం కావాలి కదా."

"మరి ఇవీ?" పెద్దకోడలు తెర మీద వేలు పెట్టింది. "నేను అద్దాం, నేను పిండాం. ఇలా ఉంటే నవ్వరూ?"

"ఇవి తప్పులు కావక్కా. అద్దాం అన్నది సరిగ్గానే ఉంది. ముందున్న మాటే తప్పు."

తలుపు దగ్గర అలికిడైంది. మొగుడు బండి తాళాలు పట్టుకుని లోపలికి వచ్చాడు, ఇద్దర్నీ చూసి అక్కడే ఆగాడు.

"నీకు నేర్పింది ఎవరే?" అంది పెద్దకోడలు. గొంతు లేచింది. "స్పిరిటు ఏదో కిరోసిను ఏదో తెలియకుండా వచ్చావు ఈ ఇంటికి. పక్కన నిలబెట్టుకుని నేర్పాను. నీకింకా వయసుంది, రేపు వంద రాసుకుంటావు. నాకింకేముంది? బట్టలుతికే ఆవిడ అంటారు నన్ను. ఒక్కసారి అట్ట మీద నా పేరు చూసుకోవాలని ఉండదా?"

"ఉంటుంది. నాకు చెప్పి ఉంటే రెండు పేర్లలో నీ పేరు ముందు పెట్టి రాసేదాన్ని."

"ఒక్క పేరే అన్నాడు ఆయన."

"అందుకని నన్ను తీసేశావు. సరే. ఈ సిరా మరక, ఆకుపచ్చ చీటీ వాళ్ళది. గుడ్డ ఎవరు పట్టుకున్నారు అక్కా?"

పెద్దకోడలు తెర వైపు చూసింది. "నేనే అని రాయి."

"ఈ తుప్పు? నువ్వు జ్వరంతో పడుకుంటే వచ్చిన కేసు."

"చెప్పాగా. నేనే అని రాయి" అంది పెద్దకోడలు. ఈసారి చూడకుండా అంది.

"ఇద్దరూ కలిసి చేసినవే కదా, ఎవరు ఏ మూల పట్టుకున్నారని ఇప్పుడు లెక్కలా?" అన్నాడు మొగుడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు.

చిన్నకోడలు కిందికి జరుపుకుంటూ పోయింది. ఏదీ మార్చలేదు. చదువుతోంది, వదిలేస్తోంది. అలా వదిలేస్తూ ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది. పరుపు దుప్పటి మీది రక్తం. అందరికన్నా ఎక్కువమంది చదివింది అదే. అది ఎవరి రక్తమో ఆ పేజీలో ఎక్కడా లేదు. వేడినీళ్ళు తగలనివ్వకూడదు, చన్నీళ్ళే పొయ్యాలి, ఉప్పు జల్లి నానబెట్టాలి, ఎండ తగిలేలోపు అయిపోవాలి. చివర ఒక వాక్యం: "ఇల్లు లేచేలోపు నేను దాన్ని ఉతికి ఆరేశాం."

పెద్దకోడలు కూడా అది చదివింది. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

చిన్నకోడలి కడుపులో నిలబడని ఆ బిడ్డ గురించి ఇంట్లో అందరికీ తెలుసు. దుప్పటి సంగతి మాత్రం ఇద్దరికే తెలుసు. పెద్దకోడలు తెల్లవారకముందే వచ్చి, ఆమెని లేపి గోడకి కూర్చోబెట్టి, దుప్పటి లాగేసింది. నేను కడుగుతానక్కా అంటే, నువ్వు ఇటు చూడకు అంది. చాలాసేపు వెనకవైపు నీళ్ళ చప్పుడు. ఆరేసి వచ్చాక ఆవిడ చేతులు చన్నీళ్ళకి పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతులతోనే వచ్చి ఈమె తల నిమిరింది. తర్వాత ఎప్పుడో ఆ పేజీ రాస్తూ, గోడకి ఆనుకుని కూర్చున్నానని రాయలేక, మేము అని రాసుకుంది.

"అది వదిలెయ్ చిన్నీ" అంది పెద్దకోడలు. గొంతు మారిపోయింది. "అక్కడ మాత్రం మేము అనే పెట్టు."

"ఎందుకక్కా?"

"పెట్టమన్నానా, పెట్టు."

"పెట్టను. ఆ రోజు నన్ను ముట్టుకోనివ్వలేదు నువ్వు. ఉతికింది నువ్వే. ఆరేసింది నువ్వే." చిన్నకోడలి కళ్ళు తెర మీదే ఉన్నాయి. "ఇన్ని పేజీల్లో ఇదొక్కటే నిజంగా నీ నేను. ఇదొక్కటే దిద్దాలి."

ఆరేశాం చివర సున్నా చెరిపింది. "ఇల్లు లేచేలోపు నేను దాన్ని ఉతికి ఆరేశాను" అని సరిచేసింది. వాక్యం కుదురుగా కూర్చుంది. ఎక్కడా అతుకు కనబడలేదు.

"వద్దే" అంది పెద్దకోడలు. ఆమె మణికట్టు పట్టుకుంది, కాలిన మచ్చ ఉన్న చోట. "నీ కాళ్ళు పట్టుకుంటా, అక్కడ మేము ఉండనివ్వు. మిగతావన్నీ ఎలా ఉన్నా సరే."

చిన్నకోడలు రెండో చేత్తో భద్రపరిచే మీట నొక్కింది. తన చెయ్యి విడిపించుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది.

"మిగతావి మీరు దిద్దుకోండి" అంది.

మొగుడు తాళాలు జేబులో వేసుకుంటూ, "నాకెక్కడొచ్చు ఇవన్నీ?" అన్నాడు.

"మిమ్మల్ని కాదు" అంది ఆమె. "అక్కగారితో అంటున్నాను."

సగం దించిన తలుపు కింద నుంచి వంగి ఆమె బయటికి వెళ్ళింది. పెద్దకోడలు చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ కూర్చుంది.